అడకత్తెరలో అరమాత్ర

తప్పు నాది. ముందే ఒప్పేసుకుంటే మిగతా కథ చెప్పడానికి నాలుక అడ్డం పడదు.

ఎలిజబెత్ తెచ్చిన మాత్రల షీటును నల్లమ్మత్త నా చేతిలో పెట్టి, "ఇదేం మాత్రో చూసి చెప్పురా తిప్పిగా" అన్నప్పుడు నాకది చదవడం రాలేదు. ఎవరికీ వచ్చేది కాదు కూడా. మందుల షాపువాడు షీటును కత్తిరించి అడిగినన్ని మాత్రలే ఇచ్చాడు. పేరున్న ముక్క వాడి దగ్గరే ఉండిపోయింది. నా చేతికొచ్చిన ముక్క మీద ఒక ఎర్రగీత, సగం తేదీ, అంతే. కానీ మా వీధిలో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేవాణ్ణి నేనొక్కణ్ణే. బడి నన్ను తొమ్మిదో తరగతిలో వదిలించుకుంది. ఆ తర్వాత నేను చదివిందంతా ఎరువుల బస్తాల మీదా, బజ్జీల పొట్లాల మీదా. రోడ్డు పక్కన సైకిళ్లకు పంచర్లు వేసుకునే తిప్పేస్వామిని పిలిచి, అరుగు మీద కూర్చోబెట్టి అడిగేది ఈ ఒక్క పనికే. ఆ పెద్దరికం ఎక్కడ పోతుందోనని షీటును ఎండకు ఎత్తి పట్టి, కళ్లు చికిలించి, "బలానికి మాత్రత్తా. సగం చేసుకోమను. మహా అంటే బలం సగమే వస్తాది" అన్నాను.

వాకిట్లో ఉన్న ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. నల్లమ్మత్త మాత్రం నవ్వలేదు.

"నిజమేనా?"

"నా మీద ఒట్టత్తా."

"నీ మీద ఒట్టుకు గుప్పెడు బొగ్గులు గూడా రావురా," అంటూనే అడకత్తెర తీసింది.

ఆ అడకత్తెర ఆమెకు వాళ్ల అవ్వ ఇచ్చింది. ఇత్తడి పిడి, ఇనుప అలుగు. ముప్పై ఏళ్లుగా నల్లమ్మత్త చేతిలో వక్కలు కత్తిరించింది. ఆమె పెదాలు ఎప్పుడు చూసినా ఎర్రగా ఉండేవి, తిట్లు కూడా ఎర్రగానే వచ్చేవి. వానలు మొహం చాటేసిన రెండు వేల మూడు ఎండాకాలానికి ఆ పెదాలు తెల్లబడ్డాయి. వక్క ధర పెరిగింది. వక్క ఒక్కటే అయితే ఆమె ధరను నాలుగు తిట్టి ఊరుకునేది. నూనె పెరిగింది, కందిపప్పు పెరిగింది, కరెంటు పెరిగింది, బస్సు చార్జీ పెరిగింది. పెరగనిది కూలి ఒక్కటే.

"వక్క మానుకున్న్యా, పప్పు మానుకున్న్యా, కిరసనాయిలు స్టవ్వు అటకెక్కిచ్చినా. ఇంగ మానుకునేకి ఊపిరొక్కటే మిగిలుండాది," అనేది. ఆమె మొగుడు ఆంజినప్ప బెంగుళూరులో ఎవరో కడుతున్న మేడకు కాపలా ఉండేవాడు. అక్కడా ధరలే కాబట్టి అతను పంపే దుడ్లు ఊరు చేరేసరికి సన్నబడేవి.

మానుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పింది ఒక్కటే, బీపీ మాత్ర. టౌనుకు పోతే సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు, నిజమే. పోను రాను చార్జీ, ఆ పొద్దు పోయే కూలి కలిపి చూస్తే ఆ "ఊరికే" అన్నదే అన్నిటికన్నా ప్రియం. అందుకని టౌనునుంచి ఇటు వచ్చేవాళ్లతో షాపులో తెప్పించుకునేది. మాత్ర ధర పెరిగిందని తెలిసిన రోజు ఆమె షీటును అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. మూలన పడి ఉన్న అడకత్తెరను కడిగి తుడిచి, మాత్రను దాని నోట్లో పెట్టి టక్కుమనిపించింది. సరిగ్గా మధ్యకు తెగింది. పొడి కూడా రాలలేదు. ముప్పై ఏళ్లు వక్కలు కత్తిరించిన చెయ్యి మరి.

అది చూసి పక్కింటామె తన కీళ్లనొప్పుల మాత్ర తెచ్చింది. ఆమె వెనక ఇంకొకామె. అప్పటికే మా వీధి సగం బ్లేడుతో మాత్రలు కోసుకుంటూ వేళ్లు తెగ్గొట్టుకుంటోంది. నెల తిరిగేసరికి అందరూ పొద్దున్నే నల్లమ్మత్త వాకిట్లోనే. ఆ వాకిలికి "అర్ధరూపాయి ఆసుపత్రి" అని పేరు పెట్టిన పుణ్యం నాదే. నిజానికి ఆమె అర్ధరూపాయి కూడా ముట్టేది కాదు. ఎవరైనా ఒక తమలపాకు తెచ్చిస్తే వక్క లేకుండా ఉత్త ఆకు నమిలి, "ఆవుకేసినట్లుండాది" అని ఉమ్మేసేది.

భయం లేకుండా చేసిన పని కాదది. బుధవారం బుధవారం పిల్లలకు సూదులేయడానికి వచ్చే నర్సమ్మ ఒకసారి ఈ వైభోగం చూసి నెత్తి కొట్టుకుంది. "ఏ మాత్రా ఇట్ల సగం చేయగూడదు నల్లమ్మా. ఎంత చెప్పినా మీరు వినరు. గుండె మాత్ర, ఫిట్సు మాత్ర మాత్రం ముట్టుకోవద్దు తల్లీ. మనిషే పోతాడు."

రెండోది నల్లమ్మత్తకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆమె చిన్న తమ్ముడికి ఫిట్సు ఉండేది. పదహారేళ్లవాడు ఎద్దులు కడగడానికి కుంటలో దిగి, మోకాలి లోతు నీళ్లలో బోర్లా పడి పోయాడు. గట్టు మీద ఒక్క మనిషి ఉండుంటే బతికేవాడు. అందుకే షీటు ఎవరిదైనా సరే, నేను వచ్చి చదివేదాకా ఆమె అడకత్తెర తెరిచేది కాదు.

నేను చదివాను. ఆమె తెరిచింది.

ఎలిజబెత్‌కు పెళ్లై ఏడాది కూడా కాలేదు. గుమ్మఘట్ట వైపు పిల్ల, మాటల్లో సగం కన్నడం. ఆమె మొగుడు జాకబ్ బావుల్లో దిగి పని చేసేవాడు. ఆ ఎండాకాలం మా దగ్గర మగవాడికి దొరికే పని అదే. పైన చినుకు లేకపోతే కింద నీళ్లుంటాయేమోనని ఎండిన బావుల్నే ఇంకా లోతు చేయించేవాళ్లు.

"మాత్ర ఏంటికమ్మే మీ ఆయప్పకు?" అని నల్లమ్మత్త ముందే అడిగింది.

"బలానికంట అక్కా. పెండ్లికి ముందునుంచి మింగుతాండాడు. బావిలో గునపం ఎత్తల్ల గదా."

మొగుడు చెప్పింది అదే, ఆమె నమ్మింది అదే. నేను దాని మీద ముద్ర కొట్టాను.

ఆ సాయంత్రం చేతిలో సగం మాత్ర పడేసరికి జాకబ్ నిలబడిపోయాడట. ఇదేందని అడిగితే ఎలిజబెత్ గొప్పగా చెప్పింది, "ధర పెరిగింది గదా, నల్లమ్మక్కతో సగం చేపిచ్చినా. బలం మాత్రే కదా!" అతనేం అనగలడు? బలం మాత్రయితే సగం ఎందుకు చాలదో చెప్పాలి. అది చెబితే పెళ్లిలో దాచిన మాట చెప్పాలి. మాట గడప దాటితే ఈ చుట్టుపక్కల పదూళ్లలో ఎవరూ అతన్ని బావిలోకి దించరు. నోట్లో వేసుకుని నీళ్లు తాగేశాడు. అడకత్తెరలో పడింది మాత్ర ఒక్కటే కాదు.

ఇట్లా పన్నెండు రోజులు నడిచింది.

పదమూడో రోజు పొద్దున నల్లమ్మత్త వాకిట్లో కూర్చుని విత్తనం చెనక్కాయలు ఒలుస్తోంది. ఎలిజబెత్ ఇంకో షీటు ముక్క తెచ్చింది.

"కూచో. తిప్పిగాడు రానీ."

"అదే మాత్రక్కా. మళ్ల వాడేంటికి?"

"అదో ఇదో వాడు చెప్పల్ల. నువ్వు కూచో."

ఎలిజబెత్ కూర్చుని నోరంతా తెరిచి ఆవలించింది. "నిద్దర ల్యా అక్కా. తెల్లారుజామున ఆయప్ప ఒగటే గురక, పండ్లు పటపటా కొరికినాడు. లేచి చూస్తే దిండు మీద నెత్తురు. నాలిక కొరుక్కున్యాడు. ఏందో పీడకలంట."

నల్లమ్మత్త వేళ్ల మధ్య కాయ పగలకుండా ఆగిపోయింది.

"పక్క తడిసిందా?"

ఎలిజబెత్ ముఖం కందిపోయింది. "నీకెట్ల తెలుసక్కా? అయ్యో, ఎవరితో అనొద్దు, పరువు పోతాది."

"లేచినాక ఒళ్లంతా దంచేసినట్లుందన్న్యాడా? యాడుండానో తెలీనట్ల చూసినాడా?"

"అవునక్కా. రవంతసేపు నా పేరే గుర్తు రాల్యా ఆయప్పకు..." అని నవ్వబోయి, నల్లమ్మత్త ముఖం చూసి నవ్వు మింగేసింది.

"యాడుండాడు ఇప్పుడు?"

"పుల్లన్న బావికి పోయినాడు. వద్దంటే వినల్యా. ఈ పొద్దు అడుక్కి దిగే వంతు ఆయప్పదే."

ఒడిలోని చెనక్కాయలు వాకిలంతా పడ్డాయి. నల్లమ్మత్త అడకత్తెరను నడుములో దోపుకుని, చెప్పులు కూడా వెతుక్కోకుండా లేచింది.

"ఏమైందక్కా?"

"ఏం కాల్యా. ఏం కాకముందే పోతాండా. నువ్వు ఈడనే ఉండు. ఎవరడిగినా నోరు తెరవద్దు."

రోడ్డు మీద నేను ఒక సైకిలు చక్రం విప్పి, ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాను. ఆమె వట్టి కాళ్లతో పరుగున రావడం చూసి, "ఏమత్తా, డాక్టరమ్మ వీధుల్లోకొచ్చింది, మందులు అయిపోయినాయా?" అన్నాను. మామూలు రోజైతే మా వంశం మొత్తానికి తద్దినం పెట్టేది. ఆ రోజు ఒక్క తిట్టు కూడా రాలేదు. దాంతో నాకు భయం పట్టుకుంది.

"సైకిల్ తీ."

"ఇది పంచరు..."

"ఆ సైకిల్ తీరా!" అని గోడకు ఆనించిన ఎవరిదో సైకిలు చూపించి, నేను ఎక్కకముందే వెనక క్యారియరు పట్టుకుంది. "పుల్లన్న బావి. తొక్కు."

ఊరు దాటాం. మట్టిబాట ఎక్కాక వెనకనుంచి మెల్లగా అడిగింది.

"ఆ మాత్ర బలానిదేనా?"

నా కాళ్లు ఒక చుట్టు తప్పాయి. "అత్తా... దాని మీద పేరు లేదత్తా."

 "ఆ పిల్లోనికి ఫిట్సు. బిరీన తొక్కు" అంది, అంతే.

పొద్దు ఇంకా బారెడు ఎక్కలేదు, అప్పుడే ఎండ గిచ్చుతోంది. బాటకు రెండు వైపులా విత్తనం ఎరగని ఎర్రచేలు, గులకరాళ్లు. నల్లమ్మత్త తలలో రోకలి పోటు మొదలైందట, ఇదంతా ఆమె తర్వాత చెప్పిందే. నెలన్నరగా ఆమె మింగుతున్నది కూడా సగమే కదా. కళ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నాయి. వాటి మధ్యలోనుంచి తమ్ముడి పాదాలు, కుంట గట్టుకు దగ్గరగా, తెల్లగా నాని, కనబడుతున్నాయి. మోకాలి లోతుకే పోయాడు వాడు. ఇది డెబ్బై అడుగుల బావి. సంగటి తిని, బీడీ తాగి, ఎనిమిదింటికి దించుతారు. ఎనిమిదైందా? అయ్యే ఉంటుంది. ఇంకా ఎవరో బీడీ తాగుతూ ఉంటే బాగుండు. ఏ దేవుడైనా సరే, ఒక బీడీ ఎక్కువ తాగించు.

గుట్ట దగ్గర బాట ఎత్తుకుంది. ఇద్దరి బరువుతో సైకిలు కదలనంది. నేను దిగేలోపు ఆమె దూకి, చీర మోకాళ్ల పైకి ఎగ్గట్టి ముందుకు ఉరికింది. యాభై అయిదేళ్ల మనిషి. సైకిలు తోసుకుంటూ నేనే ఆమెను అందుకోలేకపోయాను.

పుల్లన్న బావి దగ్గర బీడీలు ఎప్పుడో అయిపోయాయి. డీజిలు ధర పెరిగిందని పుల్లన్న ఆ ఏడు క్రేను పెట్టించలేదు. దూలానికి గిలక కట్టి, గిలక మీద మోకు వేసి, మోకు చివర ఇనుప తొట్టి కట్టించాడు. ఆరుగురు మగవాళ్లు లాగాలి. మట్టి పైకి రావాలన్నా, మనిషి కిందికి పోవాలన్నా ఆ తొట్టే. నల్లమ్మత్త గట్టున బోర్లా పడుకున్నంత పని చేసి లోపలికి చూసింది. అడుగున ఒక తెల్లటి తువ్వాలు. తలకు చుట్టుకున్న తువ్వాలు. జాకబ్.

"ఏయ్ నల్లమ్మా!" పుల్లన్న దూరంనుంచే అరిచాడు. "బుద్ధుండాదా? బావి అంచుకు వస్తారా ఎవరన్నా? ఏం పని నీకీడ?"

"జాకబ్‌తో పనుందన్నా. పైకి పిలువు."

"ఏం పనో చెప్పు."

గొంతు దాకా వచ్చింది. వీనికి ఫిట్సు అని ఒక్క మాట. ఆరుగురు వింటారు, మధ్యాహ్నానికి మూడూళ్లు వింటాయి. ఎలిజబెత్‌కు మొగుడి సంగతి బోరింగు దగ్గర ఎవరో చెబుతారు. రేపటినుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. మాటను వెనక్కి మింగింది.

"వాని పెండ్లాం పిలుస్తాంది."

మోకు పట్టుకున్నవాళ్లు పెద్దగా నవ్వారు. "కొత్త పెండ్లాం! మాపటేళ దాకా తాళల్యాక పోయిందా?" అన్నాడొకడు.

"ఒరే జాకబూ! పైకి రారా!" ఆమె బావిలోకి అరిచింది.

కిందినుంచి గొంతు వచ్చింది. మాట ముద్దగా ఉంది, కొరుక్కున్న నాలుకతో. "ఇంగ రెండు తొట్లక్కా. నింపి వస్తా."

"విన్న్యావు గదా, పో ఇంగ," అన్నాడు పుల్లన్న.

ఆమె కదల్లేదు. కింద తువ్వాలు కదలడం ఆగింది. పార కింద పడింది, చప్పుడు కాస్త ఆలస్యంగా పైకి వచ్చింది. జాకబ్ బావి గోడకు అరచెయ్యి ఆనించి, రాతిని చూస్తూ నిలబడ్డాడు. గోడతో ఏదో మాట్లాడబోతున్నట్టు. చూస్తున్నవాళ్లకు అలుపు తీర్చుకుంటున్నట్టే ఉంటుంది.  నల్లమ్మత్త తమ్ముడు కూడా అంతే, ఫిట్సు వచ్చే ముందర కాసేపు అట్లాగే ఏదో ఒకదాన్ని చూస్తూ నిలబడేవాడు. పొయ్యి మీద పాలు పొంగేంత సేపు. ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ.

అప్పుడే నేను సైకిలు తోసుకుంటూ ఆయాసపడుతూ చేరుకున్నాను. ఆమె లేచి నా వైపు ఒకసారి చూసింది. తర్వాత రెండు చేతులతో గుండెలు బాదుకుంటూ పెద్ద శోకం తీసింది.

"ఇంగేం పనప్పా పుల్లన్నా! ఇంగేం బావులప్పా! వీని నాయన బయ్యన్న పోయినాడప్పో!"

 మా నాయన బయ్యన్న గంట కిందట నా ఎదురుగా ముద్ద సంగటి తిని, నన్ను పనికిమాలినోడని తిట్టి, మేకల్ని తోలుకుని పోయాడు. నల్లమ్మత్త వచ్చి నా మెడ కావలించుకుని ఏడుస్తున్నట్టు వంగి, జబ్బ మీద తోలు ఊడేలా గిచ్చింది.

"ఏడ్చురా," అంది చెవిలో.

ఏడ్చాను. దానికేం కష్టపడలేదు. సైకిలు ఎక్కినప్పటినుంచీ ఏడుపు గొంతులోనే ఉంది. అంత నిజంగా నేనెప్పుడూ అబద్ధం ఆడలేదు.

మా వైపు ఊళ్లో పీనుగ ఉండగా, దాన్ని పూడ్చడానికి తప్ప భూమిలోకి గునపం దిగదు. దిగితే ఆ గుంత ఇంకో మనిషిని అడుగుతుందంటారు. రెడ్డయినా, కూలోడయినా, చర్చికి పోయేవాడయినా దానికి ఎదురు పోరు. పుల్లన్న ముఖం మాడ్చుకున్నాడు, కానీ తలగుడ్డ తీసేశాడు.

"ఎట్లప్పా, నిన్న్యే గదా నాతో కొట్లాడినాడు... సరే. ఒరే జాకబూ, చావు కబురు! తొట్టి ఎక్కు!"

తువ్వాలు కదల్లేదు.

"జాకబూ!" నల్లమ్మత్త గొంతు బావి గోడలకు తగిలి తిరిగొచ్చింది. "నన్ను చూడు! పైకి చూడు! తొట్టెక్కు నాయనా!"

తువ్వాలు మెల్లగా వెనక్కి వాలింది. కింద ఒక ముఖం కనబడింది. అతను తొట్టి అంచు మీద ఒక కాలు పెట్టాడు.

"నిలబడొద్దు! లోపల కూకో! మోకు చంకల కిందికి చుట్టుకో! చుట్టుకున్న్యావా?"

"ఏమే, వాణ్ణి ఉయ్యాల్లో పండబెడతాండావా?" అని ఎవడో అన్నాడు కానీ, చావు కబురు మీద ఎవరూ నవ్వలేదు. ఆరుగురూ కాళ్లు తన్నిపట్టి లాగారు. గిలక కీచుమంది. తొట్టి లేచింది. సగం దూరం వచ్చేసరికి జాకబ్ తల ఛాతీ మీదికి వాలింది. తొట్టి ఊగి రాతికి టంగుమని కొట్టుకుంది. నల్లమ్మత్త ఇంక ఆగలేదు, ఆరుగురి ముందుకు పోయి తనూ మోకు పట్టుకుంది. ఎవరో వద్దన్నారు, ఆమె వినలేదు. తొట్టి అంచు పైకి రాగానే నేను జాకబ్ రెక్క పట్టి గట్టు మీదికి లాగాను. అతను నన్ను చూశాడు. నేనెవరో అతనికి తెలియలేదు.

"పా నాయనా, నీళ్లు తాగుదువు," అంటూ ఆమె అతని భుజం కింద తన భుజం పెట్టి, ఎత్తిపోసిన మట్టిదిబ్బ వెనక్కి నడిపించింది. ఇరవై అడుగులుంటుంది. ఇవతల పుల్లన్న పాడె వెదుళ్లకు ఎవరు పోవాలో, గుంతకు ఎవరు పోవాలో పనులు పంచుతున్నాడు. అవతల జాకబ్ ఒళ్లు కొయ్యలా బిగుసుకుని నేలకు ఒరిగింది.

ఆమె అతన్ని పక్కకు తిప్పి, తల కింద కొంగు మడిచి పెట్టింది. రాళ్లు ఏరి పారేసింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. చేతిలో ఇనుము పెట్టాలని చిన్నప్పటినుంచి విన్నది గుర్తొచ్చి, నేను ఆమె నడుములోని అడకత్తెర లాగి అతని పిడికిట్లో పెట్టబోయాను. నా చేతి మీద గట్టిగా ఒక్కటి కొట్టింది.

"ఇనుము చేసింది చాల్లేరా."

మేమిద్దరం అట్లాగే కూర్చున్నాం. ఆమె దిబ్బ మీదుగా ఎవరైనా వస్తారేమోనని చూస్తూ, నేను ఆమెను చూస్తూ. ఆమె ముక్కు నుంచి సన్నగా నెత్తురు కారుతోంది. చెబితే చేత్తో తుడుచుకుని, "ఎండకు" అంది. జాకబ్ కొట్టుకోవడం తగ్గింది. ఊపిరి గురకలా వచ్చింది, తర్వాత మామూలుగా. చాలాసేపటికి కళ్లు తెరిచాడు. మొదట అడిగింది నీళ్లు కాదు.

"ఎవరన్నా చూసినారా అక్కా?"

"నేను చూసినా. ఈ దరిద్రుడు చూసినాడు. వీడు చెప్పినా ఊర్లో ఎవరూ నమ్మరులే."

మధ్యాహ్నం మా నాయన మేకల్ని తోలుకుని వచ్చేసరికి ఇంటి ముందు వెదుళ్లు చీలుస్తున్నారు, మా అమ్మను నలుగురు పట్టుకుని ఉన్నారు. ఎవరు పోయారని ఆయనే కంగారుగా అడిగాడట. సంగతి తెలిసాక మేకల కర్ర నా వీపు మీద ఎన్ని ముక్కలయిందో చెప్పను. నల్లమ్మత్తను మాత్రం ఆయన ఏమీ అనలేకపోయాడు కానీ, ఆమెను అన్నవాళ్లు వేరే చాలామందే ఉన్నారు. పుల్లన్న వీధిలో నిలబడి అరిచాడు. మోకు లాగిన ఆరుగురికీ ఒక పూట కూలి పోయింది, వాళ్ల పెళ్లాలు వంతులేసుకుని తిట్టారు. "ఎవరో చెప్తే విన్న్యా. తప్పయింది" అని అందరికీ ఒకటే జవాబు. నిజం చెబితే ఒక్క క్షణంలో దేవత అయ్యేది. చెప్పలేదు.

జాకబ్ ఆ సాయంత్రం ఎలిజబెత్‌కు తనే చెప్పుకున్నాడు. ఆమె ఏడ్చింది జబ్బుకు కాదు. "నాకు చెప్పకుండా, నా చేత్తోనే సగం చేపిస్తివి గదయ్యా" అని రెండు గుద్దులు గుద్దింది. తర్వాతి రోజు నుంచి అతను మోకాళ్ల నొప్పులని చెప్పి పైన మోకు లాగే పనికి మారాడు. కూలి తక్కువ. మాత్ర నిండుగా మింగుతున్నాడు, ఇంట్లో సంగటి ముద్ద సగమైంది.

నల్లమ్మత్త అడకత్తెరను గుడ్డలో చుట్టి పైన పెట్టేసింది. షీట్లు పట్టుకుని వచ్చినవాళ్లకు, "నర్సమ్మను అడుక్కోండి పోండి" అని ఒకటే మాట. తన బీపీ మాత్ర కోసం మాత్రం దాన్ని దించి కత్తిరించుకుంటూనే ఉందని నాకు తెలుసు. ఆ చప్పుడు మా గోడకు వినిపిస్తుంది.

వారం పోయాక, వీపు వాపు తగ్గాక, రెండు వక్కలు, నాలుగు తమలపాకులు కొనుక్కుని పోయాను. ఆమె చెనక్కాయలు ఒలుస్తోంది. ఎదురుగా పెట్టి కూర్చున్నాను.

"అత్తా, నాకు చదివేకి రాల్యా ఆ పొద్దు. వచ్చినట్ల చెప్పినా. నలుగురూ నవ్వుతాండ్రి, ఊపులో అనేస్తి. తప్పయిపాయ."

ఆమె వక్కను చేతిలో అటూ ఇటూ దొర్లించింది. అడకత్తెర దించి టక్కుమనిపించింది. ఆకులో పెట్టి బుగ్గన వేసుకుని, కళ్లు మూసుకుని నమిలింది. ఇంకా తిట్టకపోయేసరికి నాకు ధైర్యం వచ్చింది.

"అయినా మనదేముందత్తా. కాలమే అట్లుండాది. అన్నీ ప్రియమైపాయ, ఎవరైనా ఏం చేస్తారు చెప్పు..."

చాలా రోజుల తర్వాత ఆమె ఎర్రగా ఉమ్మింది.

"అన్నిటికీ ధర పెరిగిందిరా అల్లుడా, నిజమే. 'తెల్దు' అనే మాటకు పెరగల్యా. అది ఊరికే వస్తాది. దానికి గూడా పిసినారితనం ఏంటికిరా నీకు?"